డిసెక్షన్ బల్ల మీదికి ఎవరి దేహం?

సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో మొదలైంది. అదే ఏడాది నల్లగొండలోనూ మొదలైంది. ఒక్కోదానిలో 150 సీట్లు. అంతకుముందు ఉమ్మడి నల్లగొండ జిల్లా మొత్తానికి నార్కట్‌పల్లిలోని ప్రైవేటు వైద్య కళాశాలే దిక్కు. కోదాడ పిల్లయినా, మిర్యాలగూడ పిల్లవాడైనా ప్రభుత్వ కాలేజీలో డాక్టరు చదవాలంటే హైదరాబాదుకో వరంగల్లుకో పోవాల్సి వచ్చేది. అందుకే కాలేజీ రావడం ఈ ప్రాంతానికి పెద్ద సంగతి. సీట్లెన్ని, భవనం ఎక్కడ, ఆస్పత్రిలో పడకలెన్ని, స్పెషలిస్టులు వస్తారా అని అందరం అడిగాం. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాలేదు. ఎంబీబీఎస్‌లో చేరిన పిల్లలు మొదటి ఏడాదే అనాటమీ చదవాలి. అనాటమీ చదవాలంటే, దేహాన్ని కోసి చూసే డిసెక్షన్ హాల్లో మనిషి దేహం ఉండాలి. పది మందికి ఒక దేహం చొప్పున చూసినా 150 మంది బ్యాచికి పదిహేను కావాలి. అదీ ఒక్క ఏడాదికే. ఆ పదిహేను దేహాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఎవరివి? అవి మార్చురీలో మిగిలిపోయిన అనాథలవి కాకుండా, ఈ ఊళ్ళవాళ్ళు తెలిసి, ఇష్టపడి ఇచ్చినవి కావాలన్నది నా వాదన. అది ధర్మం కోసమే కాదు, మన డాక్టర్ల చదువు బాగుండడం కోసం కూడా.

ముందుగా అసలు దేహమే ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ఇది తేలిగ్గా తోసిపుచ్చాల్సింది కాదు. ఇప్పుడు బల్లంత తెర మీద మనిషి శరీరాన్ని పొరలు పొరలుగా విప్పి చూపే యంత్రాలున్నాయి. ప్లాస్టిక్ నమూనాలున్నాయి. స్కానింగ్ బొమ్మలున్నాయి. ఇంగ్లండులో పెనిన్సులా వైద్య కళాశాల 2002లో కెడావర్లు, అంటే మృతదేహాలు లేకుండానే అనాటమీ బోధన మొదలుపెట్టింది. 2018లో అమెరికా పరిశోధకులు అంతకుముందు జరిగిన అనేక అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్క కడితే, దేహాన్ని కోసి నేర్చుకున్నవాళ్ళకూ ఇతర పద్ధతుల్లో నేర్చుకున్నవాళ్ళకూ అప్పటికప్పుడు పెట్టిన పరీక్షల్లో పెద్ద తేడా కనబడలేదు. దేహదానం కావాలనేవాళ్ళు ఈ ఫలితాన్ని దాటవేయకూడదు. అయితే ఆ పరీక్షలు కొలిచిందేమిటో కూడా చూడాలి. ఈ కండరం పేరేమిటి, ఈ నరం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్నలకు బొమ్మ చూసి నేర్చుకున్నా జవాబు చెప్పవచ్చు. చర్మం కింద కొవ్వు ఎంత మందం, నరాన్ని చుట్టిన పలుచని పొర ఎంత తేలిగ్గా చిరుగుతుంది, రక్తనాళం వేలికి ఎలా తగులుతుంది, తాడులాంటి స్నాయువుకూ నరానికీ చేతికి తెలిసే తేడా ఏమిటి అన్నవి ఆ పరీక్షల్లో లేవు. డాక్టరు జీవితమంతా చేయాల్సింది ఈ రెండో రకం పనే.

అన్నిటికంటే ముఖ్యంగా తెర మీద శరీరం ఒక్కటే. ఎన్నిసార్లు తెరిచినా అదే కాలేయం, అదే ధమని, అదే చోట. మనుషులు అలా ఉండరు. పాఠకులు ఇప్పుడే చూసుకోవచ్చు. బొటనవేలినీ చిటికెనవేలినీ కొసలు తగిలేలా కలిపి మణికట్టును కొద్దిగా లోపలికి వంచితే, మణికట్టు మధ్యలో ఒక సన్నని తాడు పైకి తేలుతుంది. అది పాల్మారిస్ లాంగస్ అనే కండరపు స్నాయువు. చాలామందికి ఉంటుంది, కొందరికి ఉండదు, ఇంకొందరికి ఒక చేతికి ఉండి రెండో చేతికి ఉండదు. అది లేనందువల్ల నష్టమేమీ లేదు. ఉన్నవాళ్ళలో దాన్ని తీసి, తెగిపోయిన వేరే స్నాయువు స్థానంలో సర్జన్లు అతుకుతారు. అన్ని తేడాలూ ఇంత అమాయకమైనవి కావు. కాలేయానికి రక్తం తీసుకుపోయే ధమనులను అమెరికా అనాటమిస్టు మిషెల్స్ 200 దేహాల్లో విప్పి చూసి 1966లో ఫలితాలు ప్రచురించాడు. పుస్తకంలో గీసిన పద్ధతిలో ఆ ధమనులు కనబడింది 55 శాతం దేహాల్లోనే. మిగతావాళ్ళలో వేరే చోట పుట్టిన ధమనో అదనపు ధమనో ఉంది. పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషను ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ రోజూ జరిగేదే. అక్కడ కత్తిరించాల్సిన నాళమేదో, కత్తిరించకూడనిదేదో తెలియాలంటే పుస్తకంలో బొమ్మ గుర్తుంటే చాలదు. బొమ్మ తప్పయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుందన్న జాగ్రత్త చేతికి అలవాటై ఉండాలి. ఒక హాల్లో పదిహేను దేహాలు పక్కపక్కన ఉన్నప్పుడు, ఈ బల్ల మీద నరం కండరం కింద నుంచి వస్తే పక్క బల్ల మీద కండరాన్ని చీల్చుకుని వస్తుంది. విద్యార్థులు ఒక బల్ల దగ్గరి నుంచి ఇంకో బల్ల దగ్గరికి పోయి చూస్తారు. ఆ జాగ్రత్త అక్కడే మొదలవుతుంది.

ఈ చదువు ఎక్కడ అక్కరకొస్తుందో మన ఊళ్ళలోనే చూద్దాం. హైదరాబాదు, విజయవాడల మధ్య 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగానే పోతుంది. ప్రమాదం జరిగి పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తి చుట్టూ రక్తమో గాలో చేరితే, ప్రాణం హైదరాబాదు చేరేదాకా ఆగదు. ఛాతీలోకి గొట్టం వేయాల్సింది ఇక్కడి డ్యూటీ డాక్టరే. ప్రతి పక్కటెముక కింది అంచులో ఒక గాడి ఉంటుంది. సిర, ధమని, నరం మూడూ ఆ గాడిలో పోతాయి. అందుకే గొట్టాన్ని కింది ఎముక పై అంచును ఆనుకునే లోపలికి పంపాలి. ఒక వేలు వెడల్పు అటూ ఇటూ అయితే ప్రాణం నిలబెట్టే పనే రక్తస్రావం తెస్తుంది. ఈ వాక్యాన్ని చదివి ఒప్పజెప్పడం ఎవరికైనా సాధ్యమే. రెండు ఎముకల నడుమ కండరాల పొరలను ఒక్కొక్కటిగా విడదీసి, ఆ గాడిలోకి వేలు పెట్టి చూసిన విద్యార్థికి మాత్రం అది రాత్రి రెండు గంటలకు కూడా గుర్తుంటుంది. పిరుదు మీద సూది సంగతీ ఇలాంటిదే. పిరుదును నాలుగు భాగాలుగా అనుకుంటే పైన, బయటి వైపున్న భాగంలోనే సూది వేయాలని నేర్పేది తుంటి నరం కోసం. సూది తప్పుచోట పడి ఆ నరం దెబ్బతింటే పాదం పైకి లేవదు, వేలాడిపోతుంది. ఊరూరా సూదుల మీద ఇంత నమ్మకమున్న మన దగ్గర ఈ పాఠాన్ని డాక్టర్లు గట్టిగా నేర్చుకోవాలి, నర్సులకూ నేర్పగలగాలి.

తాటిచెట్టు మీది నుంచి పడే గీత కార్మికుల విషయానికి వద్దాం. పక్కటెముకల పంజరంలో బిగిసి ఉండే పై వెన్నూ, కదలికలున్న నడుమూ కలిసే చోటనే వెన్నుపూసలు ఎక్కువగా విరుగుతాయి. వెన్నుపాము పెద్దవాళ్ళలో నడుము మొదటి పూస దగ్గర ముగుస్తుంది. దాని కింద ఉండేది నరాల కుచ్చు. విరిగిన పూస అటుదా ఇటుదా అన్నదాని మీద కాళ్ళు మళ్ళీ కదిలే ఆశ చాలావరకు ఆధారపడుతుంది. చెట్టు కింద పడ్డవాణ్ని ఇద్దరు భుజాలూ కాళ్ళూ పట్టి ఎత్తితే ఆ విరిగిన పూస ఏం చేస్తుందో, ఆ ఇరుకు గొట్టాన్ని తెరిచి చూసిన డాక్టరు ఊళ్ళవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పగలడు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల నడుము నొప్పికి కూడా మూలం ఈ పూసల మధ్య ఉండే డిస్కులు కావచ్చు. ఇక కాన్పులు. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవైకి పైగా కాన్పులు సిజేరియన్లే. ఆ సంఖ్య అంత ఉండడం మంచిది కాదు, అది వేరే వ్యాసం. కానీ అన్ని ఆపరేషన్లంటే దాదాపు అన్నిసార్లు నడుములోకి మత్తుసూది పోతున్నట్టు. చర్మం, కొవ్వు, పూసల వెనక ముళ్ళను కలిపే కట్టు, ఆ తర్వాత గట్టిగా అడ్డుకుని ఒక్కసారిగా వదిలే పసుపుపచ్చని కట్టు, ఆపైన పొర. మత్తు డాక్టరు ఇదంతా కళ్ళతో చూడలేడు, సూది కొసతోనే తెలుసుకుంటాడు.

నల్లగొండ ప్రాంతానికి ఇందులో ఇంకొక మెలిక ఉంది. ఇక్కడి నేలలో, నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఈ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. నీటిలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. రక్షిత నీరు వచ్చాక కొత్త తరానికి ఆ బెడద తగ్గినా, దశాబ్దాల పాటు ఆ నీళ్ళు తాగిన పెద్దవాళ్ళ ఎముకల్లో ఫ్లోరైడు అలాగే ఉంటుంది. ముదిరిన ఫ్లోరోసిస్‌లో ఎముక మందమెక్కుతుంది, మెత్తగా ఉండాల్సిన కట్లు ఎముకలా గట్టిపడతాయి, వెన్ను గొట్టం ఇరుకై నరాల మీద ఒత్తిడి పడుతుంది. అలాంటి వెన్నులోకి మత్తుసూది పోవడమే కష్టం. ఏ దేశపు అట్లాసులోనో గీసిన వెన్నెముక మన జిల్లా రోగి వెన్నెముక కాకపోవచ్చు. తెర మీద బొమ్మను కొనుక్కోవచ్చు గానీ, ఈ నేల నీళ్ళు తాగి, ఈ పనులు చేసి, ఈ రోగాలతో ముసలితనం చూసిన శరీరాన్ని ఎవరూ తయారుచేసి అమ్మరు. ఇక్కడి డాక్టరు ఇక్కడి దేహం మీద నేర్చుకోవాలనడానికి ఇంతకంటే గట్టి కారణం నాకు కనబడదు.

అయితే ఆ దేహాలు ఎవరివి? ఈ శాస్త్రం చరిత్రలో ఈ ప్రశ్నే చాలాకాలం మూలన పడి ఉంది. దేహాన్ని విప్పి చూడనిదే శరీరం తెలియదని సుశ్రుత సంహిత నాటికే మనవాళ్ళకు తెలుసు. దేహాన్ని గడ్డిలో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, నానిన తర్వాత వట్టివేళ్ళలాంటి వాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ పొర తర్వాత పొరను చూడాలని అందులో ఉంది. తర్వాత ఆ అలవాటు పోయింది. ఐరోపాలోనూ రోమన్ల కాలపు వైద్యుడు గాలెన్ జంతువులను కోసి మనిషి గురించి రాసిన తప్పులు వెయ్యేళ్ళకు పైగా పాఠాలయ్యాయి. 1543లో వెసేలియస్ మనిషి దేహాన్నే విప్పి చూపి వాటిని సరిదిద్దాడు. మన దేశంలో ఆధునిక కాలపు తొలి డిసెక్షన్ 1836లో కలకత్తా వైద్య కళాశాలలో జరిగింది. చేసినవాడు పండిత మధుసూదన గుప్త, సంస్కృతంలో ఆయుర్వేదం చదివి చెప్పినవాడు. మతం అడ్డొస్తుందని అందరూ అనుకున్న చోట ఒక పండితుడే ముందుకొచ్చాడన్నది గుర్తుంచుకోదగిన విషయం. అదే కాలంలో బ్రిటన్‌లో జరిగింది వేరే కథ. కాలేజీలకు దేహాలు చాలక సమాధులు తవ్వి అమ్మే ముఠాలు తయారయ్యాయి. 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు పదహారు మందిని చంపి వాళ్ళ దేహాలను ఒక అనాటమీ గురువుకు అమ్మారు. జనం ఆగ్రహించాక 1832లో చట్టం వచ్చింది. ఆ చట్టం చేసిందేమిటంటే, ఎవరూ అడగని పేదల దేహాలను పేదల శరణాలయాల నుంచి, ఆస్పత్రుల నుంచి కాలేజీలకు ఇప్పించడం. హత్యలు ఆగాయి. కానీ పేదవాడికి చావులో కూడా సమ్మతి అడగనక్కర్లేదన్న భావం చట్టంలోకెక్కింది.

మన రాష్ట్రాల అనాటమీ చట్టాలు కూడా ఆ దారిలో వచ్చినవే. ప్రభుత్వ ఆస్పత్రుల్లో చనిపోయి, నిర్ణీత గడువులో బంధువులెవరూ రాని దేహాలను బోధనకు ఇవ్వవచ్చు. ఇందులో తప్పేముంది, ఎలాగూ ఎవరూ లేనివాళ్ళే కదా, పూడ్చేబదులు పదిమందికి ఉపయోగపడతారు కదా అని చాలామంది మంచివాళ్ళే అడుగుతారు. ఎవరూ లేకపోవడం వేరు, ఎవరూ రాలేకపోవడం వేరు. మిర్యాలగూడ మిల్లులకు ఎక్కడో బీహారు నుంచి పనికి వచ్చిన మనిషి ఇక్కడి ఆస్పత్రిలో కన్నుమూస్తే, ఇంటివాళ్ళకు కబురే అందకపోవచ్చు. అందినా రావడానికి డబ్బుండకపోవచ్చు. హైవే పక్కన, బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో దొరికే గుర్తు తెలియని దేహం ఏదో ఒక ఊళ్ళో ఇంకా ఎదురుచూస్తున్న ఇంటిది కావచ్చు. బతికినన్నాళ్ళూ ఎవరూ అడగని మనిషిని చచ్చాక కూడా అడగకుండా వాడుకోవడం ఉపకారం కాదు. మన దేశం ఈ నిర్లక్ష్యాన్ని ఎంత దూరం తీసుకుపోయిందో కలకత్తా ఎముకల వ్యాపారమే చెబుతుంది. పడమటి దేశాల వైద్య విద్యార్థులు దశాబ్దాల పాటు చదివిన అస్థిపంజరాల్లో ఎన్నో ఇక్కడి పేదలవే. 1985లో గానీ ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపలేదు. దీనికి భిన్నంగా, ఇంగ్లండులో 2004 నాటి చట్టం తర్వాత, బతికుండగా తానే రాసి ఇచ్చినవాళ్ళ దేహాన్ని తప్ప ఎవరి దేహాన్నీ డిసెక్షన్‌కు తీసుకోరు. బంధువుల మాట కూడా చాలదు. అంతర్జాతీయ అనాటమిస్టుల సంఘాల సమాఖ్య కూడా 2012లో దానం చేసిన దేహాలనే వాడాలని సిఫారసు చేసింది. 1832లో ఆ దారి వేసిన దేశమే దాన్ని విడిచిపెట్టింది. మనం ఇంకా దాని మీద నడవాల్సిన పనేముంది?

మన దగ్గర ఇచ్చేవాళ్ళు లేరా? ఉన్నారు. సూర్యాపేట ప్రాంతపు కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న హైదరాబాదులో కన్నుమూశారు. పదకొండు పన్నెండేళ్ళ వయసు నుంచే ఊళ్ళు తిరిగి, తుపాకీ పట్టి తెలంగాణ సాయుధ పోరాటంలో నిలిచిన మనిషి. తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. ఆమె పార్థివ దేహాన్ని నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు అప్పగించారు. ఎర్రజెండాలు, దారి పొడవునా జనం, పాటలు, నివాళులు అన్నీ జరిగాయి. ఊరేగింపు చేరింది మాత్రం అప్పటికి మూడేళ్ళ కిందట పుట్టిన ఒక కాలేజీకి. ఈ జిల్లాల్లో దేహదానం గురించి మాట్లాడేటప్పుడు ఆమె పేరుతోనే మొదలుపెట్టాలి. దొరల గడీల ముందు నిలబడి భూమి అడిగిన మనిషి, తన దేహాన్ని ఏ నేలకూ నిప్పుకూ ఇవ్వకుండా ఊరి పిల్లల చదువుకిచ్చారు. 2024 సెప్టెంబరులో కమ్యూనిస్టు నాయకుడు సీతారాం ఏచూరి చనిపోయినప్పుడు ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారు. ఆ తర్వాతి నెలలోనే ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహాన్ని హైదరాబాదులో గాంధీ వైద్య కళాశాలకు ఇచ్చారు. బెంగాల్లో జ్యోతిబసు దేహాన్ని 2010లోనే ఆస్పత్రికి అప్పగించారు.

వీళ్ళంతా ఎడమవైపు రాజకీయాల వాళ్ళు, దేవుణ్ణి నమ్మనివాళ్ళకు తేలిక, మాలాంటి ఇళ్ళలో కుదరదు అనేవాళ్ళుంటారు. ఆ మాటలోని బాధ నిజమైనదే. తలకొరివి, చితాభస్మం, పదకొండో రోజు, దశదిన కర్మ ఇవన్నీ చనిపోయినవాళ్ళకోసం ఎంతో, మిగిలినవాళ్ళ గుండె నిలదొక్కుకోవడానికీ అంతే. దేహం ఎదురుగా లేకుండా దుఃఖం ఎలా తీరుతుందన్నది తేలిగ్గా తీసుకోవాల్సిన ప్రశ్న కాదు. కానీ దేహం ఇస్తే కర్మలన్నీ పోతాయనుకోవడం పొరపాటు. ఇంటి దగ్గర స్నానం చేయించి, కొత్త బట్ట కప్పి, ప్రార్థన చేసి, కన్నీళ్ళు పెట్టుకుని, ఆ తర్వాత అప్పగించవచ్చు. ఆబ్దికానికి దేహంతో పనిలేదు. మన సంప్రదాయంలోనే సన్యాసులకు, పసిపిల్లలకు దహనం లేదు, కొన్ని కులాల్లో ఖననమే ఆచారం. అంటే ఒక్కటే దారని మనవాళ్ళు ఎప్పుడూ అనుకోలేదు. ప్రపంచంలో దేహదానం బాగా జరిగే చోట్లు చాలావరకు భక్తి ఉన్న చోట్లే. థాయ్‌లాండులో వైద్య విద్యార్థులు డిసెక్షన్ బల్ల మీది దేహాన్ని మహా గురువు అని పిలుస్తారు, చదువు ముగిశాక బౌద్ధ కర్మలతో సాగనంపుతారు. తైవాన్‌లో బౌద్ధ సంస్థ త్జు చీ నడిపే వైద్య కళాశాలలో, విద్యార్థులు కత్తి పట్టేముందు దాత ఇంటికి వెళ్ళి ఆ మనిషి ఎలా బతికిందీ తెలుసుకుంటారు. శ్రీలంకలో దేహం ఇవ్వడాన్ని పుణ్యంగా భావించేవాళ్ళు ఎందరో. ఇక కోదాడ, మిర్యాలగూడల్లో గణనీయంగా ఉన్న ముస్లిం కుటుంబాల్లో త్వరగా ఖననం చేయడం మతధర్మమని నమ్మేవాళ్ళే ఎక్కువ. వాళ్ళను ఒప్పించాలని చూడడం ఈ వాదనలో భాగం కాదు. ఇష్టపడినవాళ్ళు ఇవ్వడమే దానం. నూటికి ఒక్కరు ఇష్టపడినా పదిహేను దేహాల లెక్క సులువుగా దాటిపోతుంది.

ఇంకొక భయం ఉంది. బయటికి చెప్పుకోరు గానీ అదే అసలు భయం: మా అమ్మను, మా నాన్నను అక్కడ ఎలా చూస్తారో? ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్లలు గుంపుగా చేరి నవ్వుకుంటారేమో, ఫోనులో ఫొటోలు తీస్తారేమో? ఈ భయం పెట్టుకోవడం తప్పు కాదు. దాన్ని పోగొట్టాల్సిన బాధ్యత పూర్తిగా కాలేజీలదే. 2019లో దేశమంతటా వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో కెడావర్ మన తొలి గురువు అనే పాఠం ప్రత్యేకంగా పెట్టారు. డిసెక్షన్ మొదలుపెట్టే రోజున విద్యార్థులు దేహం ముందు నిలబడి, గౌరవంగా మెలుగుతామని, ఆ మనిషి గోప్యతను కాపాడతామని ప్రమాణం చేస్తున్నారు. సూర్యాపేట, నల్లగొండ కాలేజీల తొలి బ్యాచులు సరిగ్గా ఆ ఏడాదే చేరాయి. వైద్యుడికి ఎదురయ్యే మొదటి రోగి ఒక్క మాట కూడా మాట్లాడడు, నొప్పి చెప్పడు, తప్పు చేస్తే తిట్టడు. ఎవరూ చూడనప్పుడు ఆ రోగి పట్ల ఎలా ఉన్నాడన్నదే ఆ విద్యార్థి ముందుముందు మత్తులో ఉన్న రోగి పట్ల ఎలా ఉంటాడో చెబుతుంది. ఆ దేహం ఇష్టపడి ఇచ్చిన ఒక మనిషిదని, ఆమె ఈ జిల్లా మనిషేనని, ఆమె మనవరాలు రేపు తన ఓపీకి రావచ్చునని తెలిసిన విద్యార్థి చెయ్యి వేరేగా ఉంటుంది. ప్రమాణం కంటే ఈ తెలివిడి బలమైనది. పేరు లేని అనాథ దేహం ఇవ్వలేనిది ఇదే.

ఫార్మాలిన్ గురించి కూడా చెప్పాలి. దేహాన్ని కుళ్ళకుండా ఉంచడానికి తొడ ధమని నుంచో మెడ ధమని నుంచో ఎక్కించే ద్రవంలో ప్రధానమైనది అదే. కళ్ళు మండించే ఆ రసాయనం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో తేల్చింది. కాబట్టి డిసెక్షన్ మానేయాలనేది కొందరి వాదన. దీనికి జవాబు హాల్లో గాలి ఆడే ఏర్పాటు, మంచి ఎగ్జాస్టు ఫ్యాన్లు, చేతి తొడుగులు, ద్రవం పాళ్ళలో జాగ్రత్త. ఆస్ట్రియాలో వాల్టర్ థీల్ ఫార్మాలిన్ బాగా తగ్గించి, దేహం మెత్తగా ఉండే పద్ధతిని 1992లోనే ప్రకటించాడు. ఖర్చు ఎక్కువే. కానీ కొత్త కాలేజీలకు భవనాలు కట్టినప్పుడు పెట్టాల్సిన ఖర్చుల్లో ఇది చిన్నది.

ఇక ఇవ్వాలనుకున్నవాళ్ళకు తెలియాల్సిన సంగతులు. బతికుండగానే ఇద్దరు సాక్షులతో, వాళ్ళలో ఒకరు దగ్గరి బంధువైతే మేలు, కాలేజీ అనాటమీ విభాగానికి అంగీకార పత్రం రాసి ఇవ్వాలి. మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. పత్రం రాసినా, మన దగ్గర చివరికి అప్పగించేది ఇంటివాళ్ళే. అందుకే ఆ పత్రాన్ని బీరువాలో దాచిపెట్టి ఊరుకోకుండా కొడుకులకూ కోడళ్ళకూ ముందే చెప్పడం అవసరం. మరణం తర్వాత డాక్టరు ధ్రువపత్రం ఉండాలి. దేహాన్ని వీలైనంత త్వరగా, కొన్ని గంటల్లోనే చేర్చాలి. ఎండాకాలంలో ఈ జిల్లాల వేడికి ఫ్రీజర్ బాక్సు తప్పదు. కళ్ళు దానం చేశాక కూడా దేహాన్ని తీసుకుంటారు. బ్రెయిన్‌డెడ్ అయినప్పుడు గుండె, కాలేయంలాంటివి దానం చేసిన దేహాన్ని సాధారణంగా తీసుకోరు. పోస్టుమార్టం జరిగిన దేహాన్నీ, ప్రమాదంలో ఛిద్రమైనదాన్నీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్‌లాంటి అంటురోగాలున్నదాన్నీ తీసుకోరు. ఈ చివరి సంగతి ముందే చెప్పకపోతే చాలా బాధ కలుగుతుంది. నాన్న చివరి కోరిక తీర్చాలని తీసుకొచ్చిన దేహాన్ని గేటు దగ్గర వెనక్కి పంపితే ఆ కుటుంబం ఇంకెవరికీ దేహదానం గురించి మంచి మాట చెప్పదు.

కాబట్టి పని ఇచ్చేవాళ్ళ వైపు కంటే తీసుకునేవాళ్ళ వైపే ఎక్కువ మిగిలి ఉంది. కోదాడ నుంచి సూర్యాపేటకు హైవే మీద గంట లోపు దారి, మిర్యాలగూడ నుంచి నల్లగొండకూ అంతే. దూరం అడ్డంకి కాదు. కోదాడలో రాత్రి పదింటికి ఒక పెద్దావిడ పోయిందనుకుందాం. పత్రం ఉంది, పిల్లలు ఒప్పుకున్నారు. ఫోను ఎవరికి చేయాలి? అవతల ఎత్తేది ఎవరు? బండి కాలేజీ పంపుతుందా, వీళ్ళే మాట్లాడుకోవాలా? తెల్లారేదాకా ఆగమంటారా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు కోదాడ ప్రభుత్వ ఆస్పత్రి గోడ మీద, మిర్యాలగూడ ఏరియా ఆస్పత్రి గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో, ఉర్దూలో ఉండాలి. అంగీకార పత్రాలు అక్కడే దొరకాలి, అక్కడే ఇచ్చేసే వీలుండాలి. ఏడాదికి ఒకరోజు కాలేజీ దాతల కుటుంబాలను పిలిచి, ఆ బ్యాచి విద్యార్థులను వాళ్ళ ముందు నిలబెట్టాలి. చదువు పూర్తయ్యాక మిగిలిన అస్థికలు, అవశేషాలు ఏమయ్యాయో కుటుంబానికి రాతపూర్వకంగా చెప్పాలి, కోరినవాళ్ళకు చితాభస్మం ఇవ్వాలి. ఆ ఏడాది హాల్లో ఉన్న దేహాల్లో ఎన్ని దానం చేసినవి, ఎన్ని అనాథవి అన్న లెక్కను ప్రతి ప్రభుత్వ కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. రెండో సంఖ్య ఏటేటా తగ్గుతోందో లేదో చూడడానికి జిల్లా జనానికి హక్కుంది.